చేతి నీడ పడని ముఖం

నీడ లేని మనిషి ఎదురైతే జనం దయ్యం అంటారు. మా ఆఫీసులో బగ్ అంటాం. దాన్ని ఎవరు సరిచేయాలో పక్కన పేరు రాసి, సరిచేశాక మూసేసి, టీ తాగడానికి కిందికి వెళ్తాం.

నేను సినిమా గ్రాఫిక్స్‌లో లైటింగ్ చేస్తాను. ఇంజనీరింగ్ చదివాను. కంప్యూటర్‌లో పుట్టిన ఏనుగు నిజంగా తీసిన వీధిలో నడవాలంటే, ఆ వీధిలో ఎండ ఎటు నుంచి పడిందో ఏనుగు మీద కూడా అటు నుంచే పడాలి. నీడ బెత్తెడు పక్కకు జరిగిందంటే చూసేవాళ్ళకు కారణం తెలియదు గాని, మనసు ఒప్పుకోదు. అలా ఒప్పుకోని చోట్లను వెతికి పట్టుకోవడమే నా ఉద్యోగం.

అందుకే ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే నేను ముందు అడిగేది ఒకటే: లైటు ఎక్కడుంది? హాస్టల్లో చెప్పుకున్న కథలు, మా మేనమామ రాత్రి బస్సులో చూశానన్న తెల్లచీర, ఏవీ ఆ ప్రశ్న దాటి నిలబడలేదు. నేను నమ్మను. ఇప్పటికీ నమ్మను. కాకపోతే నా కళ్ళ ముందే జరిగిన ఒక సంగతి మాత్రం ఆ ప్రశ్నకు లొంగలేదు. అందులో భయపడాల్సింది ఏమీ లేదు. ఆ రోజు షూటింగ్ ఫ్లోర్ మీద ఉన్నవాళ్ళందరం నవ్వుకుంటూ ఇళ్ళకు వెళ్ళాం. దాన్ని ఉన్నదున్నట్టు చెప్తాను.

శ్రావణి గారు దర్శకురాలు, అది ఆమెకు మొదటి సినిమా. అందులో కథానాయిక పాత చిత్రాలను బాగుచేసే పని చేస్తుంది. ఒక సన్నివేశంలో ఆమె ఒక పెద్ద చిత్రం ముందు నిలబడి చూస్తుండగా, చిత్రంలోని మనుషులు ఒక్కసారి ఊపిరి పీల్చుకుంటారు. అంతే, మళ్ళీ బొమ్మ అయిపోతారు. తెర మీద కొన్ని క్షణాలు. శ్రావణి గారు మాత్రం సినిమా అంతా ఆ కొన్ని క్షణాల కోసమే తీస్తున్నట్టు మాట్లాడేవారు.

ఆ చిత్రం యూరప్‌లో బరోక్ అని పిలిచే, సుమారు నాలుగు వందల ఏళ్ళ కిందటి కాలానిది. ఆమె అక్కడ చదువుకునే రోజుల్లో ఒక చిన్న ఊరి చర్చిలో చూశారట. గీసినవాడి పేరు ఎవరికీ తెలియదు. దాని నకలు ఒకటి గోడంత పెద్దగా అచ్చు వేయించి ఫిల్మ్‌నగర్‌లోని మా ఆఫీసులో పెట్టించారు. నా డెస్కు దాని ఎదురుగానే.

విషయం అందరికీ తెలిసిందే. పశువుల పాకలో పుట్టిన బాల యేసును చూడడానికి గొర్రెల కాపరులు వస్తారు. అంతవరకు నేను బరోక్ అంటే బంగారు పూత, మబ్బుల మీద గుంపులు గుంపులుగా దేవదూతలు అనుకునేవాణ్ణి. ఇందులో ఒక్క దేవదూత లేడు. ఎవరి తల వెనుకా వెలుగు చక్రం లేదు. పై సగమంతా చీకటి. కింది సగంలో మాసిన బట్టల మనుషులు దగ్గరదగ్గరగా మూగి ఉన్నారు. మన కృష్ణానగర్‌లో పొద్దున్నే బస్సు కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టుల్లా ఉన్నారు.

దాన్ని మనుషులతో నిలబెట్టి తీయవచ్చని అన్నది నేనే. మొదట అంతా గ్రాఫిక్స్‌లో చేద్దామనుకున్నారు. నేను లెక్కలు వేసి, నిజమైన మనుషులు, నిజమైన లైటు అయితేనే బాగుంటుందని చెప్పాను. సరే, అయితే ఎవరు ఎక్కడ నిలబడాలో నువ్వే తేల్చు అన్నారు. దాంతో ఆ బొమ్మను చదవడం నా పని అయింది.

నాకు తెలిసిన పద్ధతిలో చదివాను. ముందు గీతలు గీశాను. ఎడమవైపు కింద మూలలో ఒక కాపరి మోకాళ్ళ మీద ఉన్నాడు, మట్టి పట్టిన అరికాళ్ళు మన వైపు. అక్కడి నుంచి అతని వీపు, పక్కవాడి భుజం, తల్లి వంచిన మెడ, కుడివైపు నిలబడ్డ ఒక స్త్రీ ఎత్తిన చెయ్యి, ఇవన్నీ కలిపితే ఒకటే వాలు గీత. చూసేవాడి కన్ను మట్టికాళ్ళ దగ్గర ఎక్కి ఆ స్త్రీ చేతి దగ్గర దిగుతుంది. మధ్యలో పిల్లవాణ్ణి దాటకుండా వెళ్ళలేదు.

తర్వాత వస్తువులు. తొట్టిలో గడ్డి కాదు, గోధుమ కంకులు. ఇది నా శరీరం అని యేసు తర్వాత పంచిపెట్టే రొట్టెకు గుర్తు అని శ్రావణి గారు చెప్పారు. ముందు పడుకోబెట్టిన గొర్రెపిల్ల కాళ్ళు కట్టేసి ఉన్నాయి, ముందుముందు పిల్లవాడు బలి కాబోతున్నాడనడానికి అది గుర్తు. వెనుక, తల్లి మరియకు భర్త అయిన ముసలి జోసెఫ్ చేతిలో లాంతరు ఉంది. అది వెలుగుతూనే ఉంది గాని దాని వెలుగు ఎవరి మీదా పడటం లేదు.

ఎందుకంటే ఆ బొమ్మలో వెలుగంతా పిల్లవాడిదే. ప్రతి నీడ కొసకూ, ఆ నీడ వేసిన వస్తువుకూ గీత కలిపి వెనక్కి లాగుతూ పోయాను. గీతలన్నీ తొట్టిలోనే కలిశాయి. ఆ పేరు లేని చిత్రకారుడు నా ఉద్యోగమే చేశాడు, నాకంటే శుభ్రంగా చేశాడు. దేవుడని చెప్పే గుర్తులన్నీ తీసేసి ఒక్క వెలుగుని మాత్రం ఉంచాడు.

ఒక్కచోట తప్ప. కుడివైపు స్త్రీ ఒక చేత్తో గుడ్ల బుట్ట పట్టుకుని, రెండో చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంది. వెలుగు కళ్ళలో పడుతోందన్నమాట. పిల్లవాడే దీపం అనడానికి బొమ్మలో అందరికంటే పెద్ద సాక్ష్యం ఆ చెయ్యే. ఆ చేతి నీడ ఆమె భుజం మీద ఉంది. వెనుక గోడ మీద ఉంది, వేళ్ళు కూడా విడివిడిగా కనిపిస్తాయి. మధ్యలో ఉన్న ముఖం మీద మాత్రం లేదు. ముఖమంతా నిండుగా వెలుగుతోంది.

అది కుదరదు. నేను నా కాగితంలో 'చిత్రకారుడి పొరపాటు' అని రాసుకున్నాను.

కెమెరామన్ భాస్కర్ గారికి చూపిస్తే నవ్వారు. ఆయనది భీమవరం దగ్గర. "పొరపాటేం కాదు లేవయ్యా. ఈ బొమ్మకి పెట్టుబడి పెట్టినాయన భార్య అయ్యుంటుంది ఆవిడ. ముఖం కనపడకపోతే ఊరుకుంటుందా?"

శ్రావణి గారు బొమ్మ దగ్గరికి వెళ్ళి చూసి, "వెలుగు ఆమె ముఖం మీద పడటం లేదేమో నవీన్, ముఖంలోంచి వస్తోందేమో" అన్నారు. నేను తల ఊపాను గాని కాగితంలో మార్చలేదు.

షూటింగ్ రోజు పొద్దున కృష్ణానగర్ నుంచి వ్యాన్‌లో మనుషులు వచ్చారు. తల్లి మరియ వేషానికి రేణుక అనే గ్రూప్ డ్యాన్సర్‌ని తీసుకున్నాం. ఆమె అయితే ఆమె ఐదు నెలల పాపే తొట్టిలో ఉంటుంది, ఏడుపు ఉండదని మా లెక్క. ఆడపిల్ల అయినా గుడ్డలు చుట్టేస్తే ఎవరికి తెలుస్తుంది. గుడ్ల బుట్ట స్త్రీగా రేణుక తల్లి బాలమణి. ముప్పై ఏళ్ళ పైగా జూనియర్ ఆర్టిస్టుగా చేస్తోంది.

మొదటి గొడవ కాళ్ళతో వచ్చింది. మట్టికాళ్ళ కాపరి వేషం బోరబండ యాదగిరిది. నేను ముందురోజే ఫోన్ చేసి, నీ అరికాళ్ళు ముందుకు కనపడతాయి, దేవుడి ముందు మోకాళ్ళ మీద ఉంటావు అని చెప్పి ఉన్నాను. అతను సబ్బు పెట్టి రుద్ది, అద్దంలా చేసుకుని వచ్చాడు.

"యాదగిరీ, ఆ కాళ్ళకు మట్టి ఉండాలి. వాళ్ళు కొండల్లోంచి నడిచి వచ్చారు. అదే అర్థం."

"నడిచొస్తే మాత్రం? దేవుని ముంగటికి పొయ్యేటప్పుడు కాళ్ళు కడుక్కోరా సారూ? వాళ్ళ దేశంల నీళ్ళు లేవా?"

మేకప్ వాళ్ళు మట్టి పూశారు. కాసేపటికి చూస్తే ఒక కాలు మళ్ళీ శుభ్రంగా ఉంది. పొద్దున కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టిన కెమెరాకు మురికి కాళ్ళు చూపించడం అతని వల్ల కాలేదు. చివరికి భాస్కర్ గారు వచ్చి, కెమెరా ఏమీ అనుకోదని హామీ ఇచ్చాక ఒప్పుకున్నాడు.

గుడ్లు పగలకుండా ఉండాలని ఉడికించి తెప్పించాం. రిహార్సల్ రిహార్సల్‌కీ బుట్ట తేలికవుతూ వచ్చింది. ఎవరిని అడిగినా గొర్రెపిల్ల వైపు చూశారు.

అసలు చిక్కు బాలమణి దగ్గర వచ్చింది.

ఆమెను గుర్తు పెట్టిన చోట నిలబెట్టి, చెయ్యి ఎంత ఎత్తులో ఉండాలో చూపించాను. తొట్టి పలక చాటున, పాపకు తగలకుండా, వేడెక్కని చిన్న ఎల్.ఈ.డి. లైటు పెట్టి ఉంది. ఫ్లోర్‌లో మిగతా లైట్లన్నీ ఆర్పేసి దాన్ని వెలిగించగానే నేను గీసిన గీతలన్నీ నిజమయ్యాయి. యాదగిరి వీపు అంచు, రేణుక మెడ, జోసెఫ్ గడ్డం, అన్నీ బొమ్మలో ఉన్నట్టే. బాలమణి ముఖం మీద మాత్రం, పడాల్సిన చోటే, చేతి నీడ పడింది. కళ్ళు, ముక్కు చీకట్లోకి వెళ్ళిపోయాయి. గడ్డం ఒక్కటే మిగిలింది.

ఆమె మానిటర్ దగ్గరికి వచ్చి చూసుకుంది.

"ఇండ్ల నేనేడున్న?"

వేలితో చూపించాను.

"ఇది చెయ్యి గద బిడ్డా. నేనేడున్ననంటున్న."

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. "ముప్పై ఏండ్ల సంది గుంపుల నిలవడ్డ. ఎప్పుడూ ఏ హీరో బుజమో అడ్డమొచ్చేది. ఇయ్యాల హీరో లేడు, గీరో లేడు అని సంబరపడితె, నా చెయ్యే నాకు అడ్డమాయె. జర కిందికి పెట్టుకుంట."

నేను వాలు గీత గురించి చెప్పాను. ఆ చెయ్యి లేకపోతే గీత ఎక్కడా ఆగదని, పాపే దీపం అని తెలియడానికి ఆ చెయ్యే ఆధారమని చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"అన్నీ మంచిగనే చెప్తున్నవ్ ఇంజనీరు సారూ. గని నా మన్మరాలు రేపు పెద్దగయితది. నువ్వూ మీ అమ్మ సినిమాల ఉన్నరు, చూడు అని చూపెడుత. మరి అమ్మమ్మ ఏదే అంటది. ఏం చూపెట్టాలె? చెయ్యి చూపెట్టాల్నా?"

శ్రావణి గారు బాలమణిని పక్కకు తీసుకెళ్ళి మాట్లాడారు. శ్రావణి గారికీ బాధగానే ఉంది, కానీ చెయ్యి తీసేస్తే బొమ్మ బొమ్మ కాదు. చేతిని కొంచెం పక్కకు వంచి చూశాం, గీత విరిగిపోయింది. తెల్ల థర్మకోల్ అట్ట పెట్టి ముఖం మీదికి కాస్త వెలుగు తిప్పుదామని చూశాం. ముఖం బూడిద రంగులోకి వచ్చింది, వెనుక చీకటి పాడైంది. భాస్కర్ గారు అట్ట తీయించేశారు. సాయంత్రానికి సెట్ విప్పేసి ఫ్లోర్ వేరే యూనిట్‌కి అప్పగించాలి.

చివరికి బాలమణే తేల్చేసింది. "సరే తీ. ఎట్ల నిలవడుమంటే అట్ల నిలవడుత. అలవాటున్న పనే గద." వెళ్ళి తన చోట నిలబడింది. ఆ మాట విన్నాక భాస్కర్ గారు కెమెరాలో చూడాల్సినదానికంటే ఎక్కువసేపు చూస్తూ ఉండిపోయారు.

ఇక పాప. మేం వేసుకున్న లెక్కలన్నిటిలో తప్పింది పాప లెక్క. తల్లి దగ్గర ఉంటే ఏడవదనుకున్నాం. కానీ ఎప్పుడూ ఊగుతూ, ఎగురుతూ ఉండే తల్లి ఉన్నట్టుండి రాయిలా కూర్చుంటే ఆ పిల్లకు భయం వేసింది. యాక్షన్ అనగానే రేణుక బిగుసుకుంటుంది, పాప గొంతు ఎత్తుకుంటుంది. కట్ అనగానే రేణుక నవ్వుతుంది, పాప ఆపేస్తుంది. ఇలాగే టేకులు పోయాయి. యాదగిరి మోకాళ్ళు నొప్పులని గొణగడం మొదలుపెట్టాడు.

"ఏందిరా, దేవుని ముంగట మోకాళ్ళు నొస్తున్నయా నీకు?" అంది బాలమణి, చెయ్యి దించకుండానే.

"దేవుడు జర నోరు మూస్తె ఇంటికి పోతనక్కా."

మళ్ళీ అందరూ సర్దుకున్నారు. శ్రావణి గారు ఈసారి యాక్షన్ అని గట్టిగా అనలేదు, పాప బెదరకుండా మెల్లగా అన్నారు. నేను మానిటర్ దగ్గర ఉన్నాను.

పాప కింది పెదవి ముందుకు వచ్చింది. ఇక ఏడుస్తుందని అందరికీ తెలిసిపోయింది. అప్పుడు తల కుడివైపు తిప్పింది. అటు బాలమణి చెయ్యి ఉంది. ఆ చెయ్యి వైపే చూస్తూ ఉండి, పకపకా నవ్వింది.

కారణం నాకు తర్వాత అర్థమైంది. మనకు అది వెలుగుకు అడ్డం పెట్టుకున్న చెయ్యి. ఆ పిల్లకు అది రోజూ ఇంట్లో అమ్మమ్మ ఆడే దోబూచి. చెయ్యి అడ్డం పెట్టుకోవడం, తీసి బూ అనడం. కాకపోతే ఇక్కడ బాలమణి చెయ్యి తీయలేదు. తీసినప్పుడు నవ్వాల్సిన నవ్వు, తీయకుండానే నవ్వింది.

నేను చూసినది ఇది. పాప నవ్విన ఆ క్షణంలో మానిటర్‌లో బాలమణి ముఖం కనిపించింది. నుదురు, కళ్ళు, బుగ్గ మీద ముడతలు, ముక్కుపుడక తీసేసిన చోట చిన్న గుంట, అన్నీ. ఆమె చెయ్యి దించేసిందనుకున్నాను. తల ఎత్తి నేరుగా చూశాను. చెయ్యి దించలేదు. ఉన్నచోటే ఉంది. అప్పుడే అనుకున్న ప్రకారం అందరూ ఊపిరి పీల్చుకున్నారు, తల్లి భుజాలు లేచాయి, యాదగిరి వీపు కదిలింది. పాప ఇంకా నవ్వుతూనే ఉంది. వేషంలో నవ్వకూడని జోసెఫ్ కూడా నవ్వాడు.

కట్ చెప్పడం శ్రావణి గారికి కాసేపు గుర్తు రాలేదు. చెప్పాక ఫ్లోర్ అంతా చప్పట్లు. భాస్కర్ గారు మాత్రం కెమెరా వెనుక నుంచి అరిచారు. "ఎవడ్రా మళ్ళీ థర్మకోల్ పెట్టింది?"

ఎవరూ పెట్టలేదు. అట్ట గోడకు ఆనించి ఉంది, దాని ముందు లైట్‌మన్ టీ గ్లాసు ఉంది.

బాలమణి కళ్ళు నులుముకుంటూ వచ్చింది. "ఏం లైటు పెట్టినవ్ బిడ్డా ఈసారి? పొయ్యి ముంగట కూసున్నట్టు వెచ్చగ కొట్టింది మొఖానికి."

నేను వెళ్ళి లైటు మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా కూడా లేదు. రిహార్సల్‌లో ఎంత పెట్టామో అంతే వెలుగు మీద ఉంది.

జాగ్రత్త కోసం ఇంకో టేక్ తీశాం. పాప మళ్ళీ ఏడ్చింది. బాలమణి ముఖం మీద నీడ మామూలుగా పడింది.

నేను కంగారు పడలేదు. ఇది బగ్, కారణం దొరుకుతుంది అనుకున్నాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఉండడానికి వీలున్న కారణాలన్నీ మనసులో పేర్చుకుంటూ ఆఫీసుకు వెళ్ళాను. తర్వాత ఒక్కొక్కటే కొట్టేశాను.

చెయ్యి కదిలి ఉండాలి. రిహార్సల్ ఫ్రేము, టేక్ ఫ్రేము ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. ఆ చెయ్యి వేలెడు కూడా జరగలేదు. ముప్పై ఏళ్ళు చెప్పినచోట చెప్పినట్టు నిలబడ్డ మనిషి ఆమె.

తల్లి తెల్ల గుడ్డ మీది నుంచి వెలుగు తిరిగి వచ్చి ఉండాలి. ఆ గుడ్డ రిహార్సల్‌లోనూ ఉంది, చివరి టేక్‌లోనూ ఉంది, అప్పుడు నీడ పడింది.

లైటు ఒక్క క్షణం పెరిగి ఉండాలి. పెరిగితే మిగతా ముఖాలు కూడా పెరగాలి. కొలిచి చూశాను, యాదగిరి వీపు, రేణుక మెడ, గొర్రెపిల్ల చెవి, ఏదీ పెరగలేదు.

తర్వాత ఎవరైనా దిద్ది ఉండాలి. కెమెరాలోని మెమరీ కార్డు ఫ్లోర్ నుంచి తెచ్చి కాపీ చేసింది నేనే.

చివరికి నన్ను ఆపేసింది ఇవేవీ కావు. ఫ్రేము పెద్దది చేసి చూస్తే, ఆ చేతి నీడ బాలమణి భుజం మీద ఉంది. వెనుక గోడ మీద ఉంది, వేళ్ళు విడివిడిగా. అంటే చెయ్యి వెలుగును ఆపింది. ముఖానికి అవతల ఉన్నవాటి మీద ఆపింది, ఇవతల ఉన్న ముఖం మీద ఆపలేదు. నేను కుర్చీ తిప్పి ఎదురుగా ఉన్న పెద్ద బొమ్మ వైపు చూశాను. అందులోనూ అంతే. భుజం మీద ఉంది, గోడ మీద ఉంది, ముఖం మీద లేదు. నేను పొరపాటని రాసుకున్నదే నా స్క్రీన్ మీద ఉంది.

సెట్‌నంతా కంప్యూటర్‌లో మళ్ళీ కట్టాను. అదే తొట్టి, అదే లైటు, అదే చెయ్యి. ఎన్ని రకాలుగా వెలిగించినా నీడ ముఖం మీదే పడింది. పడకుండా చేసే మార్గం ఒక్కటే దొరికింది. ఆ ముఖాన్ని మాత్రం విడిగా ఎంచుకుని, ఈ వెలుగుకు ఈ చెయ్యి అడ్డం కాదు అని కంప్యూటర్‌కు చెప్పాలి. మా సాఫ్ట్‌వేర్‌లో అందుకు ఒక మీట ఉంది. మేం షూటింగ్ చేసిన ఫ్లోర్‌లో అలాంటి మీట లేదు.

ఒక మధ్యాహ్నం ఊరికే, ఆ కంప్యూటర్ సెట్‌లో పాప ఉన్నచోట కెమెరా పెట్టి చూశాను, అక్కడి నుంచి ఏం కనిపిస్తుందోనని. చెయ్యి మాత్రమే కనిపించింది. ముఖం పూర్తిగా దాని వెనుక ఉంది. మా పనిలో ఇది మొదటి పాఠం: దీపం ఉన్నచోటి నుంచి ఏది కనపడదో, దాని మీద వెలుగు పడదు. పాప అక్కడే ఉంది. అక్కడి నుంచి ఆ ముఖం కనపడదు. కనపడినట్టు నవ్వింది.

శ్రావణి గారికి ఇదంతా చెప్పాను. ఆమె విని, "షాట్ బాగుంది కదా?" అన్నారు. బాగుంది. సినిమాలో అదే పెట్టారు, దేన్నీ దిద్దలేదు.

సినిమా విడుదలయ్యాక అందరం కలిసి మ్యాట్నీకి వెళ్ళాం. బాలమణి పట్టుచీర కట్టుకుని వచ్చింది. యాదగిరి ఇంట్లోవాళ్ళందరినీ తెచ్చాడు. తెర మీద అతని అరికాళ్ళు ఇంత పెద్దవిగా రాగానే వాళ్ళ వరుస నుంచి ఈల పడింది. "మట్టి నాది కాదు, మేకప్పోళ్ళది" అని చుట్టుపక్కల వాళ్ళకు చెప్పుకున్నాడు.

పాప అప్పటికి మాటలు నేర్చింది. రేణుక ఒడిలో నిలబడి చూస్తోంది. బొమ్మ ఊపిరి పీల్చుకునే చోటు వచ్చింది. తొట్టిలో తనను తాను పోల్చుకోలేదు. తల్లిని కూడా పోల్చుకోలేదు. కుడివైపుకు చెయ్యి చాపి, హాలంతా వినపడేలా, "అమ్మమ్మ" అంది.

బాలమణి కొంగుతో ముఖం తుడుచుకుని, వెంటనే తీసేసింది.

బయటికి వచ్చాక నేను ఆగలేక, ఆ రోజు చేతి వెనుక ఏం చేశారని ఆమెను అడిగాను. "ఏం జేస్త? బూ అనబుద్దయింది. షాటు ఖరాబయితదని అనలే. లోపల అనుకున్న, గంతే." తర్వాత నన్నే అడిగింది. "దొరికిందా మరి నీ లైటు?"

దొరకలేదు. మా ఆఫీసు లిస్టులో ఆ షాట్ పేరు మీద బగ్ ఇంకా తెరిచే ఉంది. మా మేనేజర్ అప్పుడప్పుడు, సినిమా వచ్చేసింది కదా, మూసెయ్ అంటాడు. మూయాలంటే కారణం అన్న గడి నింపాలి. నా పాత కాగితంలో 'చిత్రకారుడి పొరపాటు' అన్న మాట కొట్టేశాను. దాని బదులు ఏం రాయాలో తెలియక అక్కడా ఖాళీగానే ఉంది.

నేను కృష్ణానగర్‌లోనే కిరాయికి ఉంటాను. సందులో నేను ఎదురైనప్పుడల్లా బాలమణి చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. చంకలో ఉన్న పాప కూడా పెట్టుకుంటుంది. ఇద్దరూ వేళ్ళ సందుల్లోంచి నన్ను చూసి నవ్వుతారు. నేను అలవాటు కొద్దీ ముందు సూర్యుడు ఎటున్నాడో చూసి, తర్వాత వాళ్ళ ముఖాల మీద నీడ చూస్తాను. ఇప్పటిదాకా పడవలసిన చోటే పడుతోంది. అయినా చూడడం మాత్రం మానలేదు.